నెమ్మదించిన ల్యాప్‌టాప్: వేడికి ఆగిందా, డిస్క్ కోసం ఆగిందా?

నా పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషం పైన పట్టే రోజులవి. ప్రాసెసర్ పాతబడిపోయింది, కొత్తది కొనక తప్పదని దాదాపు నిర్ణయానికి వచ్చేశాను. ఆ సాయంత్రం ఎందుకో విండోస్‌లో ఏది ఎంత పనిచేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ వాడకం 8 శాతం. పక్క గడిలో డిస్క్ మాత్రం 100 శాతం. ఇంకాస్త కిందికి చూస్తే, ఆ డిస్క్ సెకనుకు చదువుతున్నది ఒక్క ఎంబీకి కాస్త అటూ ఇటూ. డిస్క్ క్షణం తీరిక లేకుండా పనిచేస్తోంది, తెచ్చి ఇస్తున్నది మాత్రం చారెడు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని దాని కోసం ఎదురుచూస్తోంది.

"ల్యాప్‌టాప్ స్లో అయింది" అనే ఒక్క మాట వెనక రెండు వేరువేరు జబ్బులుంటాయి. ఒకటి ఎదురుచూపు: ప్రాసెసర్ సిద్ధంగా ఉంటుంది, దానికి కావలసిన సమాచారం డిస్క్ నుంచి సమయానికి రాదు. రెండోది వేడి: సమాచారం చేతిలోనే ఉంటుంది, కానీ ఒళ్లు కాలిపోతుంటే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వాడే మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి జబ్బుకు స్టోరేజ్ మందు, రెండోదానికి కాదు. పైగా మొదటిదాన్ని నయం చేస్తే ఒక్కోసారి రెండోది బయటపడుతుంది. చాలామంది తికమకపడేది సరిగ్గా ఇక్కడే.

వాట్లు వేరు, డిగ్రీలు వేరు

ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 15 వాట్లు తీసుకుంటే 15 వాట్ల వేడి, 45 తీసుకుంటే 45. వాట్లనేవి వేడి ఎంత వేగంగా పుడుతోందో చెబుతాయి. డిగ్రీల సంగతి వేరు.

ఒక నీళ్ల తొట్టిని ఊహించుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. పైన కుళాయి, అడుగున తూము. కుళాయి ధార అంటే వాట్లు. తూము అంటే వేడిని బయటికి పంపే ఏర్పాటు. తొట్టిలో నీటి మట్టం అంటే డిగ్రీలు. తూము పెద్దదైతే ధార ఎంత పెద్దదైనా మట్టం పెరగదు. తూము మూసుకుపోతే సన్నటి ధార కూడా తొట్టిని నింపేస్తుంది. అందుకే 15 వాట్ల ప్రాసెసర్ ఉన్న పల్చటి ల్యాప్‌టాప్ 95 డిగ్రీలు చూపించొచ్చు, 45 వాట్ల లావుపాటిది 75 దగ్గరే ఉండిపోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో ఈ తూము ఎలా ఉంటుందో చూస్తే ముచ్చటేస్తుంది. చిప్ మీద పల్చగా థర్మల్ పేస్ట్, దాని మీద రాగి పలక, దానికి అతికిన చదునైన రాగి గొట్టం. దీన్ని హీట్ పైప్ అంటారు. లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు పోసి మూసేస్తారు. పీడనం తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీలకు చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి గొట్టంలో అవతలి కొసకు పరుగెత్తి, అక్కడున్న సన్నటి లోహపు రేకులకు వేడినిచ్చి, మళ్లీ నీరై వెనక్కి వస్తుంది. ఆ రేకుల మధ్య నుంచి ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది. ఫ్యాన్ నేరుగా చల్లబరిచేది ఆ రేకులనే, చిప్‌ని కాదు. ల్యాప్‌టాప్ పల్చనయ్యే కొద్దీ రేకులు పొట్టివవుతాయి, ఫ్యాన్ చిన్నదవుతుంది, తూము ఇరుకవుతుంది.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి పైహద్దు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇంటెల్ చిప్‌లలో ఎక్కువగా కనిపించే అంకె 100. ఆ గీత దగ్గరకు రాగానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి ఆగకపోతే తనను తాను కాపాడుకోవడానికి మొత్తం మెషీన్‌నే ఆఫ్ చేసేస్తుంది.

వేగం కొంచెం పెంచితే వేడి చాలా పెరగడమెందుకు

1974లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక సూత్రాన్ని ప్రచురించారు. ట్రాన్సిస్టర్, అంటే చిప్‌లోని అతిచిన్న స్విచ్, చిన్నదయ్యే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ, కరెంటు కూడా తగ్గుతాయి. కాబట్టి అంతే జాగాలో మరిన్ని ట్రాన్సిస్టర్లు ఇరికించినా మొత్తం వేడి పెరగదు అన్నది దాని సారం. దాదాపు 30 ఏళ్లు పరిశ్రమ ఈ సూత్రం మీదే పరుగు తీసింది. 2000ల మధ్యకు వచ్చేసరికి ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, ఆపి ఉంచినప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజీని ఇక అంత సులువుగా తగ్గించలేకపోయారు. 2004లో ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను మార్కెట్లోకి తేకుండానే విరమించుకుంది. ఆ తర్వాతే పరుగు ఒక్క కోర్ (చిప్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) వేగం నుంచి కోర్ల సంఖ్య వైపు మళ్లింది.

చిప్‌లో పుట్టే వేడి వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో దాని వర్గంతో, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాంతో, పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. ఇప్పుడు లెక్క వేద్దాం. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం. 1.2 ఇంటూ 1.1 ఇంటూ 1.1 అంటే 1.45. వేగం 20 శాతం పెరిగితే వేడి 45 శాతం పెరిగింది.

ఇదే లెక్క వెనక్కి నడిపితే మనకు లాభం. పైఅంచులో వేగం కాస్త వదులుకుంటే వేడి బాగా దిగిపోతుంది. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే ల్యాప్‌టాప్ ఒక్కసారిగా చల్లబడుతుందని చాలామంది చెప్పుకునేది నిజమే. ఆ ఒక్క శాతంలో మహిమ ఏమీ లేదు. 100 కన్నా తక్కువ పెడితే చాలా మెషీన్లలో టర్బో, అంటే అదనపు వేగం, పూర్తిగా ఆగిపోతుంది. తగ్గేది వినడానికి ఒక శాతమే. నిజానికి 4 గిగాహెర్ట్జ్ దాటి పరుగెత్తే చిప్ 2 దగ్గరకు దిగిపోవచ్చు. చల్లదనానికి కట్టే ధర అది.

ఐ7 పెద్దదా, ఐ5 పెద్దదా

రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టుకుందాం. ఒకదాంట్లో కోర్ ఐ7-1255యూ, మరోదాంట్లో కోర్ ఐ5-12500హెచ్. రెండూ ఇంటెల్ 12వ తరానివే. అంకె చూసి ఐ7 పెద్దదనుకుంటాం. గరిష్ఠ వేగం కూడా దానిదే ఎక్కువ: 4.7 గిగాహెర్ట్జ్, ఐ5ది 4.5.

లోపల చూస్తే కథ వేరు. ఆ ఐ7లో బలమైన కోర్లు రెండు, పొదుపైన చిన్న కోర్లు ఎనిమిది. ఐ5లో బలమైన కోర్లు నాలుగు, చిన్నవి ఎనిమిది. కంపెనీ ప్రకటించిన మూల వాటేజీ ఐ7కి 15, ఐ5కి 45. టర్బోలో ఐ7 55 వాట్ల దాకా, ఐ5 95 వాట్ల దాకా వెళ్లగలవు. వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పొడవాటి పనిలో, సరైన శీతలీకరణ ఉంటే, ఐ5దే పైచేయి. బ్రౌజర్, డాక్యుమెంట్లు, కాల్స్ మాత్రమే చేసేవారికి తేడా తెలియకపోవచ్చు. వాళ్లకు ఆ ఐ7 ల్యాప్‌టాప్ ఎక్కువ బ్యాటరీ, తక్కువ ఫ్యాన్ మోతతో మేలైనదే కావచ్చు.

ఈ తేడా అంతా పేరు చివరి అక్షరంలో ఉంది. 12వ తరంలో యూ అంటే 15 వాట్లు లేదా అంతకన్నా తక్కువ, పీ అంటే 28, హెచ్ అంటే 45, హెచ్ఎక్స్ అంటే 55. ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీలోనూ యూ, హెచ్ఎస్, హెచ్ఎక్స్ అనే అక్షరాలు ఇలాగే పొదుపు నుంచి బలం వైపు పోతాయి. పేరు మొదట్లో ఉండే 5, 7, 9 అంకెలు ఒకే తరంలో, ఒకే అక్షరం ఉన్నవాటి మధ్యే పోలికకు పనికొస్తాయి.

తరం మారితే ఎంత మారుతుందో చెప్పడానికి కోర్ ఐ7-7500యూ, కోర్ ఐ5-8250యూ చాలు. 2016 నాటి ఆ ఐ7లో రెండే కోర్లు. ఏడాది తర్వాత వచ్చిన ఐ5లో నాలుగు. రెండూ 15 వాట్లవే. అలాగని అంకె పెద్దదైతే తప్పకుండా కొత్తదని కూడా కాదు. ఏఎండీ రైజెన్ 5 7520యూ పేరులో 7 చూసి కొత్త తరం అనుకుంటాం. మూడో అంకె 2 చెప్పేదేమిటంటే అందులో ఉన్నది జెన్ 2 అనే డిజైన్. ఆ డిజైన్ మొదట వచ్చింది 2019లో. ఇంటెల్ 2023 చివర్లో ఐ అక్షరం తీసేసి కోర్ అల్ట్రా అనే పేర్లు తెచ్చింది, అక్షరాల అర్థాలు తరం నుంచి తరానికి జరుగుతూనే ఉన్నాయి. కొనేవాళ్లు తికమకపడితే తప్పు వాళ్లది కాదు. పేర్లు నిజంగానే అస్పష్టంగా ఉన్నాయి.

మొదటి అర నిమిషం, ఆ తర్వాత అసలు పరుగు

ఒకే చిప్ రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు రకాలుగా పరుగెత్తడానికి కారణం వాటేజీ హద్దులు. వీటిలో ఒకటి దీర్ఘకాలపు హద్దు, ఎంతసేపైనా నిలబడగలిగేది. ఇంకొకటి టర్బో హద్దు, కొద్దిసేపటికే. ఆ కొద్దిసేపు సాధారణంగా 28 సెకన్లో, 56 సెకన్లో ఉంటుంది. ఈ అంకెలను ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ తన పెట్టెను బట్టి మార్చుకోవచ్చు. డబ్బా మీద చిప్ పేరు ఉంటుంది గానీ ఈ హద్దులు చాలాసార్లు ఉండవు.

ఒక ల్యాప్‌టాప్ శీతలీకరణ నికరంగా 25 వాట్లు మోయగలదని, టర్బో 55 వాట్లు 28 సెకన్ల పాటు అనుకుందాం. పెద్ద స్ప్రెడ్‌షీట్ తెరవడం పది సెకన్ల పని. మొత్తం పని 55 వాట్ల వేగంతోనే అయిపోతుంది. యజమాని సంతోషిస్తాడు. అదే మెషీన్ మీద 20 నిమిషాల వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే, 1,200 సెకన్లలో టర్బో నిలిచేది 28. అంటే డబ్బా మీద గొప్పగా రాసిన గరిష్ఠ వేగం ఆ పనిలో రెండు శాతం కాలానికే వర్తించింది. మిగతాదంతా 25 వాట్ల నడక.

అదే చిప్‌ని లావుపాటి పెట్టెలో పెట్టి 45 వాట్లు నికరంగా నడిపితే? వాట్లు 1.8 రెట్లు. వేగం అన్ని రెట్లు పెరగదు. వేగం, వోల్టేజీ కలిసి పెరుగుతాయి కాబట్టి వేడి సుమారుగా వేగం ఘనంతో, అంటే మూడు సార్లు గుణించినట్టు, పెరుగుతుంది. వెనక్కి లెక్క కడితే 1.8 రెట్ల వాట్లకు దక్కే వేగం సుమారు 20 శాతం. రోజూ గంటల తరబడి ఎక్స్‌పోర్ట్ చేసేవారికి ఆ 20 శాతం అంటే పెద్ద సంగతే. సంచిలో వేసుకుని తిరిగేవారికి దానికోసం రెట్టింపు బరువు మోయడం దండగ అనిపించొచ్చు. పల్చటివి మంచివా, లావువి మంచివా అనే వాదన ఎప్పటికీ తేలకపోవడానికి కారణం, ఇద్దరి లెక్కా వాళ్ల పనికి సరైనదే.

దీనికి చక్కటి నిదర్శనం ఆపిల్ 2020లో ఎం1 చిప్‌తో తెచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఉంది. చిన్న పనుల్లో రెండూ సమానం. చాలా నిమిషాల పాటు పూర్తి భారం పెడితే ఎయిర్ వేగం మెల్లగా దిగుతుంది, ప్రో నిలబడుతుంది. అంతకు రెండేళ్ల ముందు, 2018లో, అదే కంపెనీ ఆరు కోర్ల కోర్ ఐ9తో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రో భారం పడగానే తన మూల వేగమైన 2.9 గిగాహెర్ట్జ్ కన్నా కిందికి పడిపోతోందని వినియోగదారులు చూపించారు. ఉష్ణ నియంత్రణ ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడం వల్ల అలా జరిగిందని ఆపిల్ ఒప్పుకుని, కొద్ది రోజుల్లో అప్‌డేట్ ఇచ్చింది. చిప్, రాగి గొట్టాలు ఎంత బాగున్నా, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ తప్పితే వేగం పడిపోతుందని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

గ్రాఫిక్స్ చిప్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో మెలిక. చాలావాటిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఒకే హీట్ పైపులను పంచుకుంటాయి. ఒకటి కాగితే రెండోది ఇబ్బంది పడుతుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌నే తీసుకుంటే, దాన్ని 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా అమర్చుకునే వీలు ల్యాప్‌టాప్ కంపెనీలకు ఉంది. పేరు ఒకటే, బలం వేరు.

స్టోరేజ్: ఎదురుచూపు లెక్క

ఇప్పుడు ఆ 100 శాతం డిస్క్ దగ్గరకు వద్దాం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పళ్లెం ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, సమాచారం చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 5.5 మిల్లీసెకన్లు. తల సరైన వరుసకు జరగడానికి ఇంకో 12 దాకా. మొత్తం 17, 18 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు అటూ ఇటూగా 57 చోట్ల నుంచి మాత్రమే చదవగలదు. ఒక్కో చోట 16 కేబీల ముక్క దొరికిందనుకుంటే సెకనుకు ఒక ఎంబీ కూడా రాదు. నా టాస్క్ మేనేజర్‌లో కనిపించింది అదే. అక్కడ 100 శాతం అంటే డిస్క్ ఖాళీగా ఉన్న క్షణం లేదని అర్థం. వేగం గరిష్ఠానికి చేరిందని కాదు.

కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, పెద్ద ప్రోగ్రామ్ తెరిచేటప్పుడు ఇలాంటి చిన్న ముక్కలు వేలల్లో కావాలి. పదివేల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చదవాలనుకుందాం. హార్డ్ డిస్క్‌కు 170 సెకన్ల పైన, మూడు నిమిషాలకు దగ్గర. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం ఉండదు, సమాచారం ఫ్లాష్ చిప్‌లలో ఉంటుంది. సాటా, ఎన్‌వీఎంఈ అనేవి అది కంప్యూటర్‌తో కలిసే రెండు దారులు, రెండోది వేగమైనది. సాటా ఎస్‌ఎస్‌డీకి ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు పడుతుంది కాబట్టి ఒక సెకను. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి అర సెకను పైన. నిజ జీవితంలో ఆపరేటింగ్ సిస్టమ్ కొన్నిటిని ముందే తెచ్చి పెట్టుకుంటుంది, కొన్నిటిని కలిపి అడుగుతుంది. అంకెలు మారతాయి, వాటి మధ్య దూరం మాత్రం మారదు. మూడు నిమిషాల నుంచి ఒక సెకనుకు రావడం వేరు, ఒక సెకను నుంచి అర సెకనుకు రావడం వేరు.

డబ్బాల మీద కనిపించే సెకనుకు 3,500, 7,000, 14,000 ఎంబీల అంకెలు పెద్ద ఫైళ్లను ఏకధాటిగా చదివే వేగాలు. అవి అబద్ధం కాదు. 50 జీబీల వీడియో ఫుటేజ్ చదవాలంటే హార్డ్ డిస్క్‌కు ఎనిమిది నిమిషాలు, సాటా ఎస్‌ఎస్‌డీకి ఒకటిన్నర నిమిషం, 3,500 ఎంబీల ఎన్‌వీఎంఈకి పావు నిమిషం. రోజూ ఈ పని చేసేవారికి ఎన్‌వీఎంఈ విలువ ప్రతిరోజూ తెలుస్తుంది. మిగతావారికి బాగా తెలిసేది హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారిన రోజు. ఆ తర్వాతి మెట్లు చాలావరకు కంటికి ఆనవు.

ఎం.2 అనే మాటను ఎన్‌వీఎంఈకి పర్యాయపదంగా వాడేస్తుంటారు. ఎం.2 అనేది ఆకారం, ఆ చిన్న పలకకూ దాని స్లాట్‌కూ పేరు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. అదే ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఉంటుంది, 550 ఎంబీల దగ్గరే ఆగిపోతుంది. తక్కువ ధర మెషీన్లలో ఉండే ఈఎంఎంసీ ఇంకోరకం: బోర్డు మీదే అతికి ఉంటుంది, చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు. దాన్ని కూడా కొన్నిచోట్ల ఎస్‌ఎస్‌డీ అనే మాటతో అమ్ముతుంటారు, అది న్యాయం కాదు.

ర్యామ్ నిండితే స్టోరేజ్ మీద పడే భారం

ర్యామ్, అంటే నడుస్తున్న పనుల సమాచారం తాత్కాలికంగా ఉండే జాగా, చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సరుకును స్టోరేజ్‌లోకి నెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్‌కు ఒక ముక్క అందించడానికి సెకనులో కోటో వంతు పడితే ఎస్‌ఎస్‌డీకి దాదాపు వెయ్యి రెట్లు, హార్డ్ డిస్క్‌కు లక్షన్నర రెట్ల పైన పడుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ లోటు కాస్త కప్పబడుతుంది, తీరదు. 2022 నాటి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జీబీల మోడల్‌కు రెండు బదులు ఒకే ఫ్లాష్ చిప్ పెట్టడంతో స్టోరేజ్ వేగం 512 జీబీల మోడల్‌తో పోలిస్తే సగానికి వచ్చింది. మామూలు పనుల్లో ఆ తేడా ఎవరూ పట్టించుకోరు. 8 జీబీల ర్యామ్ నిండిపోయి స్టోరేజ్ మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడే అది బయటపడింది. ఎస్‌ఎస్‌డీలో సామర్థ్యం తక్కువదైతే వేగం కూడా తక్కువ కావడానికి కారణం ఇదే. ఫ్లాష్ చిప్‌లు పక్కపక్కన కలిసి పనిచేస్తేనే ఆ పెద్ద అంకెలు వస్తాయి.

ఎస్‌ఎస్‌డీ వేస్తే చల్లబడుతుందా, వేడెక్కుతుందా

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి, రెండింటిలోనూ నిజముంది.

చల్లబడుతుందనేవారి మాట: తిరిగే మోటారు పోయింది, పని లేనప్పుడు ఎస్‌ఎస్‌డీ తినే కరెంటు నామమాత్రం, పనులు త్వరగా ముగిసి ప్రాసెసర్ త్వరగా విశ్రాంతిలోకి వెళుతుంది. వేడెక్కుతుందనేవారి మాట: హార్డ్ డిస్క్ పని చేసేటప్పుడు తినేది రెండు వాట్ల దగ్గర, వేగమైన ఎన్‌వీఎంఈ పూర్తి భారంలో ఆరు, ఎనిమిది వాట్లు తింటుంది, ఐదో తరం పీసీఐఈ (ఎన్‌వీఎంఈ వాడుకునే కనెక్షన్) వాటిలో కొన్ని పది దాటుతాయి. వేలెడంత పలక మీద అంత వేడి.

మూడో సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ వేయించిన వారంలోనే ఫ్యాన్ అంతకు ముందు ఎన్నడూ లేనంతగా అరవడం మొదలుపెట్టింది. కొత్త డిస్క్‌లో లోపం ఉందేమోనని టెన్షన్ పడ్డాను. లోపం ఏమీ లేదు. అన్నేళ్లూ డిస్క్ కోసం ఎదురుచూస్తూ 8 శాతం మీద చల్లగా కూర్చున్న ప్రాసెసర్‌కు ఇప్పుడు చేతినిండా పని దొరికింది. వేడి పెరిగింది, పని అంతకన్నా ఎక్కువ పెరిగింది. వెనక మూత తీయిస్తే ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము ఒత్తుగా, దూది పరుపులా పేరుకుని ఉంది. గోటితో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. తూము ఎన్నాళ్లుగానో మూసుకునే ఉందన్నమాట. కుళాయి ధార సన్నగా ఉన్నంతకాలం ఆ సంగతి తెలియలేదు.

ఎస్‌ఎస్‌డీకి కూడా తనదైన థ్రాట్లింగ్ ఉంది. చాలావాటి పనిచేసే హద్దు 70 డిగ్రీల దగ్గర రాసి ఉంటుంది. దాన్ని దాటి మరికొంత పైకి పోతే వేగం తగ్గించుకుంటాయి. ఎం.2 స్లాట్ ప్రాసెసర్ హీట్ పైప్ పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ తన తప్పు లేకుండానే కాగుతుంది. పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే సగంలో వేగం పడిపోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు. ఒక్కో కణంలో మూడు, నాలుగు బిట్లు రాసే టీఎల్‌సీ, క్యూఎల్‌సీ రకాల ఎస్‌ఎస్‌డీలు ముందు కొంత జాగాను ఒక్క బిట్ పద్ధతిలో, వేగంగా రాసుకుంటాయి. ఆ జాగా నిండగానే అసలు వేగం బయటపడుతుంది. క్యూఎల్‌సీలో అది హార్డ్ డిస్క్ స్థాయికి దిగిపోవచ్చు. కాసేపు ఆగితే మళ్లీ కోలుకుంటుంది, అందుకే జనం దాన్ని వేడి అని పొరబడతారు.

95 డిగ్రీలు ప్రమాదమా

చిప్ తయారీదారుల మాట స్పష్టం: హద్దులోపల ఎంత వేడి అయినా చిప్ అందుకు తగినట్టే తయారైంది. 2022లో డెస్క్‌టాప్ రైజెన్ 7000 వచ్చినప్పుడు 95 డిగ్రీల దగ్గర నిలకడగా నడవడమే దాని డిజైన్ అని ఏఎండీ చెప్పింది. చిప్ వరకు ఆ మాట నమ్మదగినదే అనిపిస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌లో చిప్ ఒంటరిగా ఉండదు. లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది, అది చిప్‌కు కొన్ని అంగుళాల దూరంలోనే ఉంటుంది. థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి కాగి చల్లారుతూ ఎండిపోతుంది, పక్కలకు జారిపోతుంది. ఒళ్లో పెట్టుకున్నప్పుడు చర్మానికి 45 డిగ్రీల దగ్గరే నొప్పి మొదలవుతుంది. అందుకే చిప్ 80 దగ్గర ఉన్నా, పైకవర్ కాలకూడదని కొన్ని ల్యాప్‌టాప్‌లు ముందే వేగం తగ్గించేస్తాయి.

కాబట్టి కాసేపు 95 చూపిస్తే గాభరా పడాల్సిన పని లేదు. ఏ పనీ లేకుండా 80 చూపిస్తే మాత్రం ఎక్కడో ఏదో మూసుకుపోయింది. పరుపు మీద పెడితే అడుగు జాలీ మూసుకోవడం, లోపల దుమ్ము, ఎండిన పేస్ట్, వెనకాల చడీచప్పుడు లేకుండా నడుస్తున్న ఏదో ప్రోగ్రామ్ అన్నీ ఒకే లక్షణం చూపిస్తాయి. కూలింగ్ ప్యాడ్ ఉపయోగపడేది ల్యాప్‌టాప్ అడుగు నుంచి గాలి పీల్చుకునే డిజైన్ అయితేనే. వోల్టేజీ తగ్గించే అండర్‌వోల్టింగ్ వేగం పోకుండా వేడి తగ్గించే అసలైన మార్గం అయినా, 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ దారికి తాళం పడింది.

రెండు జబ్బులనూ విడదీసే అంకెలు

మెషీన్ నత్తనడక నడుస్తున్న క్షణంలో ప్రాసెసర్ శాతం, దాని గిగాహెర్ట్జ్, డిస్క్ శాతం, ఉష్ణోగ్రత, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు దానంతటదే విడిపోతుంది. డిస్క్ 100, ప్రాసెసర్ 10 అయితే అది ఎదురుచూపు. అక్కడ కొత్త ప్రాసెసర్ ఏమీ చేయలేదు. అప్పుడు ర్యామ్ కూడా 95 శాతం నిండి ఉంటే అసలు కొరత డిస్క్‌ది కాదు, ర్యామ్‌ది. ప్రాసెసర్ 100, ఉష్ణోగ్రత హద్దు దగ్గర, గిగాహెర్ట్జ్ మొదట 4 ఉండి కాసేపటికి 2కు దిగితే అది వేడి. ఎంత ఖరీదైన ఎన్‌వీఎంఈ వేసినా ఆ 2 పైకి రాదు. ప్రాసెసర్ 100 ఉండి, గిగాహెర్ట్జ్ నిలకడగా, ఉష్ణోగ్రత 75 దగ్గర ఉంటే మెషీన్ ఆరోగ్యంగానే ఉంది. పనే దాని శక్తికి మించింది.

వీటిలో దేనికీ లొంగని కేసు ఒకటుంది. ల్యాప్‌టాప్ చల్లగా ఉంటుంది, డిస్క్ ఖాళీ, ర్యామ్ ఖాళీ, అయినా గిగాహెర్ట్జ్ 0.4 దగ్గరో 0.8 దగ్గరో అతుక్కుపోయి కదలదు. చూసినవాళ్లు ప్రాసెసర్ పోయిందంటారు. చాలాసార్లు దోషి చార్జరే. 100 వాట్లు కావలసిన మెషీన్‌కు 45 వాట్ల చార్జర్ తగిలించినా, బ్యాటరీ పాడైనా, చార్జర్ తానెన్ని వాట్లదో మెషీన్‌కు చెప్పలేకపోయినా బోర్డు ప్రాసెసర్‌ను అడుగు వేగానికి కట్టేస్తుంది. సరైన చార్జర్ పెట్టిన క్షణంలో అదే అంకె 3 దాటి పైకి లేస్తుంది.